గేయములందు దుర్భాష: అనుకరణవిచారము

మహాభాష్యమున శివసూత్రవ్యాఖ్యావసరమున నొక చర్చ కలదు. ఌకారము నుపదేశించుటకుఁ బ్రయోజన మేమని ప్రశ్న. ఋతక యని పలుకఁజాలని కుమారి యొకతె ఌతక యని పలికినది. ఆమె యిట్లు పలికినదని చెప్పఁబూనినవానికి నా వర్ణ మావశ్యకము గదా యని యొక సమాధానము. అపశబ్దము ననుకరించినచో ననుకరణము గూడ నపశబ్దమే యగునని దానిపై నాక్షేపము. ఈ యాక్షేపమును బరిహరించుచుఁ బతంజలి చూపిన దృష్టాంతము వైయాకరణుల కెల్లరకు సుపరిచితము. ఒకఁడు బ్రహ్మహత్య చేసెను. వాని ననుకరించుచు వేఱొకఁడు నిజముగనే యింకొక బ్రాహ్మణుని జంపినచో వాఁడును బతితుఁడే యగును. కాని యొకఁడు స్నానము చేసి, గంధ మలఁదికొని, మెడలో మాల దాల్చి, వాఁ డిట్లు చంపెనని చూపుటకై యరఁటిబోదెను నఱికినయెడల వాఁడు పతితుఁడు గాఁడు. సురాపానము నభినయించుటకుఁ బాలు ద్రావినవానికిని దోషము లేదు.

ఈ దృష్టాంతమువలన రెండు విషయములు తేలుచున్నవి. అనుకరణ మైనంతమాత్రమున దోషము పోదు. అనుకార్యము దుష్టమైనంతమాత్రమున ననుకరణము దుష్టము గాదు. కత్తి యెత్తిన తీరొక్కటియే యైనను, దాని క్రింద నున్నది మనుష్యుఁడా, యరఁటిబోదెయా యనునదియే నిర్ణాయకము. భాష్యకారుఁడు ప్రస్తావించినది వ్యాకరణదుష్టమగు శబ్దమే గాని యొరుల నొప్పించు దుర్భాష గాదు. అయినను దృష్టాంతము పాపకర్మమునకు సంబంధించిన దగుటచే దుర్భాషావిచారమున కది మఱింత చక్కఁగ నన్వయించును. ఏలయన దుర్భాష శబ్దమే కాక, యెదుటివానిపై జరుపఁబడు కర్మము గూడను.

సాంఘికాన్యాయమును నిరసించుటకే పుట్టిన జనప్రియగేయములందు దుర్భాష యుండవచ్చునా యను వివాదము గడచిన యేఁబదియేండ్లుగా నమెరికా బ్రిటన్ కెనడా దేశములయందును, ఇటీవల భారతదేశమునందును జరుగుచున్నది. వెఱ్ఱియుత్సాహముకొఱకు బూతులు కూర్చిన పాటలతో నీ విచారమునకుఁ బనిలేదు. వానికి నాలంకారికులు చెప్పిన యశ్లీలదోషమే చాలును. ఇచట సంశయ మిది: ఒక జాతిని గాని, కులమును గాని, తెగను గాని నీచపఱచుటకై లోకము వాడు పదమును, ఆ నీచబుద్ధిని ఖండింపఁబూనిన కవియే తన పాటలోఁ బ్రయోగించినపుడు, అది ఖండన మగునా, మఱియొక దెబ్బ యగునా? అట్టి నిందాపదము లిచట నుదాహరింపఁబడవు. వానిని మరల వ్రాయకయే విచారము సాగఁగలదు.

ఇందుఁ బ్రథమపక్షము పదమే దుష్టమనునది. ఈ పక్షమువారికిఁ బ్రకరణముతోఁ బనిలేదు. 1985 లో వాషింగ్టనునందు రాజకీయనాయకుల భార్యలు కొందఱు సంఘముగా నేర్పడి, పిల్లలు వినఁగూడని పాటలు గల పలకలపై హెచ్చరికచీటి యంటింపవలెనని కోరిరి. ఆ యేఁటి సెప్టెంబరు 19వ తేదిని సెనేటు సభాసంఘ మీ విషయమును విచారించెను. 1990 లో నా చీటి దేశమంతట నేకరూపమున వాడుకలోనికి వచ్చినది. ఆ చీటి పలకలో దుష్టపదము గలదని చెప్పును గాని, యా పదమును బలుకు పాత్ర యెవరో, దానిని గవి మెచ్చెనో గర్హించెనో చెప్పదు.

రేడియో కేంద్రములవారి పద్ధతి వేఱు. దుష్టపదము వచ్చుచోట ఱెప్పపాటు నిశ్శబ్దమునో, యంత్రపుఁ గూఁతనో నింపుదురు. వ్యాకరణజ్ఞులకు దీని ఫలితము సులభముగఁ దోఁచును. పాణినిమతమున లోపమనఁగా నదర్శనమే గాని యభావము గాదు. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమగు కార్యము నిలుచును. లోపింపఁజేసిన దుర్భాషయు నట్టిదే. వినువాఁడు దాని నధ్యాహారము చేసికొనును. ఒక్కొక్కపుడు కవి పలికినదానికంటె ఘోరమైనదానినే యచట నుంచును. పాట నంతయు నన్యమనస్కుఁడై వినువాఁడు గూడ నా కూఁతవద్దఁ జెవి యొగ్గును. ఇట్టి లోపమువలన రేడియోవారికి నిందరాకుండుట నిజము. నొప్పి పడువానికి గలుగు నుపకార మల్పము.

ద్వితీయపక్షము ప్రకరణమే సర్వదోషపరిహారకమనునది. దీనికి శాస్త్రబలము మెండు. భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణాయకములను జెప్పునెడ సంయోగవిప్రయోగములతో నారంభించి, ప్రకరణము, లింగము, శబ్దాంతరసాన్నిధ్యము, ఔచిత్యము, దేశము, కాలము మున్నగువానిని బేర్కొనెను. మమ్మటుఁడు వ్యంజనను వివరించుచు వక్త యెవఁడు, వినువాఁ డెవఁడు, కాకు వెట్టిది యని చూడుమనెను. వక్త మొదలగువారి యౌచిత్యముచేత దోషమే గుణ మగుటయుఁ గలదనెను. తెలుఁగునాఁట నిది ప్రత్యక్షానుభవము. రాజసూయసభలో శిశుపాలుఁడు కృష్ణుని దూషించు ఘట్టమును బురాణపాఠకుఁడు గొంతెత్తి చదువును. భక్తులు విందురు. పాఠకుని గృష్ణనిందకుఁడని యెవ్వరు నెన్నఁడును ననలేదు. భాగవతవ్యాఖ్యాతలు కొంద ఱింకను ముందునకుఁ బోయి, యా నిందావాక్యములకే స్తుతిపరమగు నర్థమును గూడఁ దీసిరి.

ఈ పక్షమున నొక లోటు గలదు. పురాణమున శిశుపాలుఁ డిట్లనియె నను వాక్య మున్నది. దూషణకు ముందు సభ యున్నది, వెనుకఁ జక్రాయుధ మున్నది. వీథినాటకమున నైనచో వేషమే గుఱుతు. పతంజలి కుమారి మాటను జెప్పినపుడు సైతము దాని పిమ్మట నితిశబ్దము నుంచెను. సంస్కృతమున నితి యేమి చేయునో తెలుఁగున నని యనునదియు నదియే చేయును: ఇంతవఱకుఁ బలికినది నామాట గాదు, వానిమాట యని వక్తను వేఱుచేయును. జనప్రియగేయమున నట్టి శబ్దము తఱచుగా నుండదు. గాయకుఁడు తన గొంతుతో, నేనను నుత్తమపురుషముతో, వేషము లేక పాడును. అచ్చులో నుండు నుద్ధరణచిహ్నములు చెవికి వినరావు. అదియుఁ గాక పాట ముక్కలుగా లోకమునఁ దిరుగును. అంగడిలో నొక చరణము, బండిలోఁ బల్లవి, విందులో నొక్క పంక్తి వినఁబడును. కవి హృదయమున నున్న ప్రకరణము పాటతోఁ గూడ నింటింటికిఁ బోఁజాలదు. తెరవెనుక కత్తిచప్పుడు మాత్రము వినువానికి బోదె తెగినదో, మెడ తెగినదో తెలియదు.

కావున నుభయపక్షములును నేకదేశగ్రాహులే. పదము కలదా యని యడుగుటయుఁ జాలదు. కవి యాశయ మేమని యడుగుటయుఁ జాలదు. అడుగవలసిన ప్రశ్నలు మూఁడు. మొదటిది, అనుకరణచిహ్నము గేయశరీరముననే కలదా? రెండవది, ఆ పదమును దీసివేసినచో గేయార్థము నిలుచునా, కూలునా? మూఁడవది, దెబ్బ తుదకుఁ దగులున దెవరికి? ప్రసిద్ధములగు కొన్ని గేయములను వీనితోఁ బరీక్షించినచో విషయము విశదమగును.

1974 లో రాండీ న్యూమన్ వెలువరించిన 'గుడ్ ఓల్డ్ బాయ్స్' అను సంపుటిలో 'రెడ్‌నెక్స్' అనునది మొదటి గేయము. కవి లాస్ ఏంజిలిస్ నగరమునఁ బుట్టిన యూదుఁడు. గేయమునఁ బలుకువాఁడు దక్షిణరాష్ట్రములకుఁ జెందిన తెల్లవాఁడు. జార్జియాకు 1967 మొదలు 1971 వఱకు గవర్నరుగా నున్న లెస్టర్ మాడాక్సు జాతిభేదవాది. తన భోజనశాలకు నల్లవారు రాకుండఁ గఱ్ఱలు పంచిన ఘనుఁడు. 1970 లో నొక టెలివిజన్ కార్యక్రమమున నతఁడు పరిహాసమునకు గుఱియై లేచిపోయెను. దానికిఁ గోపించిన యభిమాని పాట యిది. నల్లవారిని నీచపఱచు పదము దీని పల్లవియందే కలదు.

ఇందనుకరణచిహ్నము లెట్లున్నవో చూడఁదగును. ఆ కార్యక్రమమును నడపినవానిని బాటలోని వక్త న్యూయార్కు యూదుఁడని తూలనాడును. డిక్ కావెట్టు నెబ్రాస్కాయందుఁ బుట్టినవాఁడు, యూదుఁడు గాఁడు. యూదుఁడైన కవి తన వక్తనోట నీ పొరపాటును బెట్టెను. వక్తయుఁ గవియు నొకఁడు గాఁడని తెలుపుటకు నింతకంటె బలమైన లింగము వలదు. అంతకంటె ముఖ్యమైనది యుపసంహారము. వక్త చివరకు నుత్తరదేశమువారివైపు దిరుగును. అచట నల్లవాఁడు స్వేచ్ఛ నందెనని వారు చెప్పుకొందురు గదా యని, న్యూయార్కునందలి హార్లెము మొదలు షికాగో, క్లీవ్‌లాండు, బోస్టను నగరములందు నల్లవారు క్రిక్కిఱిసి చెఱలోవలె నున్న పేటల పేర్లను వరుసగాఁ జదువును. మీమాంసకు లుపక్రమోపసంహారములు తాత్పర్యలింగములని చెప్పుదురు. ఇచట నుపక్రమమున నవ్వులపాలయినది వక్త; ఉపసంహారమున నవ్వినవారే దోషులగుచున్నారు. ఆ సంపుటి వెలువడిన 1974 సెప్టెంబరుననే బోస్టనునందు, నల్లపిల్లలు తెల్లవారి పాఠశాలకు వచ్చిన బస్సులపై ఱాళ్లు పడినవి.

రెండవ ప్రశ్న: ఆ పదమును దీసివేసిన నేమగును? గేయము కూలును. దాని సారమంతయు నాలుక శుభ్రముగ నున్నవారి చేతులు శుభ్రముగ నున్నవా యను ప్రశ్నయందే యున్నది. మోటవాఁ డా పదమును బలుకును, మర్యాదగలవాఁడు పలుకఁడు, నల్లవాని బ్రదుకు రెండుచోట్లను నొక్కటియే. పదము లేనిచో నీ వైపరీత్యము తెలియు మార్గము లేదు. మూఁడవ ప్రశ్నకు నుత్తర మంత నిర్మలము గాదు. పల్లవి వినుటకు నింపుగా నున్నది. దానిని మాత్రము నేర్చి, నగరముల పట్టికను విడిచి, విందులలోఁ బాడువాఁడు గలఁడు. వాఁడు బోదెను దొలఁగించి కత్తిని మాత్రము ద్రిప్పుచున్నాఁడు. ఆ పాపము వానిదే యనవచ్చును. కాని యింత యింపైన పల్లవిలో నంత పదునైన పదము నుంచిన కవికి నీ యపాయము తెలియదని చెప్పుట పొసఁగదు.

1985 లో డయర్ స్ట్రెయిట్స్ అను బ్రిటిషు బృందము పాడిన 'మనీ ఫర్ నథింగ్' గేయము వేఱొకరీతిది. మార్క్ నాఫ్లరు న్యూయార్కునందలి యొక యంగడిలో, గృహోపకరణములను మోయు పనివాఁడు టెలివిజనులోని గాయకులను జూచి యాడుచున్న మాటలను విని, యచ్చటనే వ్రాసికొని పాట కట్టెను. పనివాఁడు శీతలపేటికలను మోయుచుండును; గాయకుఁడు చెవికమ్మ పెట్టుకొని, పనిచేయకయే ధనమును బొందును. ఆ యీసుతో వాఁడు గాయకుని, పురుషులను గామించు పురుషులకు లోకము పెట్టిన నిందాపదముతోఁ దిట్టును.

2010 లో నిది కెనడాయందు న్యూఫౌండ్‌లాండు రేడియో కేంద్ర మొకదానినుండి వినఁబడఁగా నొకరు ఫిర్యాదు చేసిరి. 2011 జనవరిలోఁ బ్రసారప్రమాణమండలియొక్క ప్రాంతీయసంఘము, ఆ పదముతో నీ పాట ప్రసారయోగ్యము గాదని తీర్మానించెను. పెద్ద యలజడి చెలరేఁగినది. ఆ యేఁటి ఆగస్టులో మండలియే మరల విచారించి, పద మనుచితమే యైనను బాట పరిహాసాత్మక మగుటచేఁ బాడించుటయు మానుటయుఁ గేంద్రములవారి విచక్షణకే విడిచెను.

మొదటి తీర్పు పదమును జూచినది, రెండవది వక్తను జూచినది. రెండింటను గొంత నిజము గలదు. అనుకరణచిహ్నము లిచట స్పష్టముగ నున్నవి: బరువులు మోయువాని పనిమాటలు, వాని యాశ్చర్యము, వాని యక్కసు. తిట్టు తినునది గాయకుఁడే, అనఁగా నొకవిధముగఁ గవియే. కవి తననే యరఁటిబోదెగా నిలిపికొనెను. ఇంతవఱకు నిర్దోషము. కాని యిట్టి తిట్టులలో నొక సూక్ష్మము గలదు. ఒకనిని గాడిద యన్నపుడు నింద పొందువాఁ డుపమేయమే. ఉపమానమైన గాడిదకు వినికిడి లేదు. ఒకనిని మఱియొక మానవవర్గము పేరితోఁ దిట్టినపుడో, యుపమానము గూడ మనుష్యుఁడే. వాఁడు వినుచుండును. తనపేరే తిట్టుగాఁ జాలునని తెలిసికొనును. ఉపమేయము నవ్వి యూరకుండవచ్చును. గాయము తగులున దుపమానమునకు. జనవరి తీర్పు చేసినవారు దీనినే గుర్తించిరి గాని యంతమాత్రమున నిషేధించుట యధికము.

రెండవ ప్రశ్న యిచట నిర్ణాయక మగును. ఆ చరణము లేని పాఠము గూడ లోకమునఁ బ్రచారమున నున్నది. అందుఁ బనివాని యీసును, కవి పరిహాసమును జెడలేదు. న్యూమన్ పాటలో హేతువైన పద మిందు వర్ణమాత్రము. వర్ణమును విడుచుట దేశకాలముల ననుసరించి చేయఁదగిన పనియే. కావున ఆగస్టు నాఁటి తీర్పే సమంజసము.

1995 లో మైకేల్ జాక్సన్ 'హిస్టరీ' సంపుటిలోఁ బాడిన 'దే డోన్ట్ కేర్ అబౌట్ అస్' అను గేయమున లోప మింకొకచోటఁ గలదు. ఇందు వక్త పీడితుఁడు. తన్ను లోకము పెట్టు బాధలను జెప్పుచు, యూదులకు సంబంధించిన రెండు పదములను గ్రియలుగా మార్చి, తన్నట్లు చేయుఁడని పాడును. పీడితులందఱ గొంతును దనదిగాఁ జేసికొని పాడితిననియు, యూదుల నవమానించుట తన యుద్దేశము గాదనియు జాక్సన్ చెప్పెను. ఆ యుద్దేశమును శంకింపఁ బనిలేదు. శంకింపవలసినది పదముయొక్క శక్తిని.

ఇది నామధాతువిషయము. జాతినామమునుండి క్రియను నిష్పాదించినపుడు దాని యర్థము కవి యిచ్ఛ ననుసరింపదు, రూఢి ననుసరించును. యూదునియెడల లోకము ప్రవర్తించునట్లు నాయెడలఁ బ్రవర్తింపుమని కవి వివక్ష. ఇంగ్లీషు వాడుకలో మొదటి క్రియకు రూఢార్థము వేఱు: మోసగించుట, బేరమాడి వంచించుట. ఈ రూఢ్యర్థమున యూదుఁడు పీడితుఁడు గాఁడు, వంచకుఁడు. కవి కోరిన యర్థమునకు నిది సరిగా విపరీతము. పీడితునిపక్షమున నిలువఁబూనిన వాక్యము పీడకుని నిఘంటువును బట్టి నడచినది. యోగము రూఢిచే బాధింపఁబడునని శాస్త్రము. దానిని వక్తృవివక్ష మరల్పఁజాలదు. విమర్శలు రాఁగా జాక్సన్ క్షమాపణము చెప్పి, యా పదములను మార్చి పాటను మరల ముద్రింపించెను. అది భయముచేఁ జేసిన పనియని కొంద ఱనిరి. భయముచేతనో, వివేకముచేతనో, చేసిన సవరణము మాత్రము సాధువు. ఏలయన నాశయము వ్యాఖ్యానమున నుండెను గాని వాక్యమున లేదు.

కాలమువలనఁ గలుగు భేదమునకు 'ఆలివర్స్ ఆర్మీ' యుదాహరణము. 1979 లో నెల్విస్ కాస్టెలో పాడిన యీ గేయము సామ్రాజ్యయుద్ధములకుఁ బేదపిల్లలను దోలుకొనిపోవు సైన్యమును నిరసించును. అందు నల్లవారిని నిందించు పదము, ఐరిషువారిని దిట్టుటకు వాడుకలో నున్న రీతినే, తెల్లనను విశేషణముతో వచ్చును. బ్రిటిషు సైన్యమునఁ బనిచేసిన తన తాత నా మాటతోనే పిలిచిరని కాస్టెలో చెప్పెను. 2022 లో నతఁడే యీ పాటను దా నిఁకఁ బాడననియు, రేడియోవారును మానుట మేలనియు, యంత్రపుఁ గూఁత పెట్టుట మఱింత చెఱుపనియుఁ బ్రకటించెను. పాటలోని తక్కిన వాక్యములన్నియు మఱుగుపడి, యా యొక్క పదమే చెవిని బడుచున్నదని యాతని యభిప్రాయము. నలువదియేండ్లు తన పాటకుఁ బేరు దెచ్చిన కవి యిట్లు చెప్పుట సామాన్యము గాదు. ఐరిషువాని దుఃఖమును జెప్పుటకు నల్లవానిపేరు నుపమానముగఁ దీసికొనుటయే యిందు మొదటి దోషము. కాలము దానిని బయటపెట్టినది.

వక్తృభేదమునకుఁ గెండ్రిక్ లమారు చరిత్రమే నిదర్శనము. 2018 ఏప్రిలులో నాతని 'డ్యామ్' సంపుటికిఁ బులిట్జరు సంగీతబహుమాన మీయఁబడినది. శాస్త్రీయసంగీతమునకును జాజునకును వెలుపలి కృతి కది యదియే మొదటిసారి. ఆ మే నెలలో, అలబామాయందలి గల్ఫ్ షోర్స్ నగరమున జరిగిన యుత్సవమున నాతఁడొక తెల్లస్త్రీని వేదికపైకిఁ బిలిచి తనపాటనే పాడుమనఁగా, నామె పాటలో నున్నట్లే యా నిందాపదముతోఁ గూడఁ బాడినది. ఆతఁ డామె నాపెను. కవి వ్రాసినదానినే యామె పాడినది గదా, యామె చేసిన తప్పేమని పలువు రడిగిరి. తెలుఁగింటఁ దల్లి కొడుకును దొంగవెధవా యని ముద్దాడును. పొరుగువాఁ డా మాటయే యన్నచోఁ దగవు పుట్టును. వర్ణములు సమానము, కాకువును సమానము కావచ్చును. అధికారము సమానము గాదు.

ఈ కథకు నుత్తరభాగము 2022 లో వెలువడిన 'ఆంటీ డైరీస్' అను గేయమునఁ గలదు. జన్మచే నాపాదింపఁబడిన లింగమును విడిచి తమ నిజరూపమున జీవించిన యిరువురు బంధువులను గూర్చి యది. బాల్యమునఁ దానును దన చెలికాండ్రును నాలోచన లేక పలికిన నిందాపదమును లమారు పెక్కుమాఱులు పాడును. ఇచట ననుకార్యుఁడు వేఱొకఁడు గాఁడు, తన పూర్వస్వరూపమే. అపుడు మాకుఁ దెలియదను మాట గేయముననే మరల మరల వచ్చి యితిశబ్దమువలెఁ బనిచేయును. ఉపసంహారమున నలబామావేదిక జ్ఞాపకమునకు వచ్చును: తన జాతిపై నింద నొరులు పలుకరాదన్నవాఁడు, ఒరులపై నిందను దా నెట్లు పలికెనను ప్రశ్న తనపైననే పడును. అనుకరణచిహ్నము గేయములో నుండవలెనను నియమమునకు నింతకంటె మంచి యుదాహరణము దొరకుట యరిది. అయినను గేయమును మెచ్చినవారితోఁ బాటు, ఆ వర్గమువారిలోనే నొచ్చినవారును గలరు. బోదెనే నఱికినను, పలుమాఱులు నఱుకు చప్పుడు, అట్టి కత్తిని నిజముగఁ దిన్నవానికి భయము గలిగించును. అభ్యాసమును దాత్పర్యలింగమే, అది మితమును గోరును.

ఇఁక ననుకరణముకంటె భిన్నమగు మార్గమొకటి కలదు. అది స్వీకారము. నిందాపదమును నిందితుఁడే తన సంజ్ఞగా ధరించుట. భారతదేశమున నిందులకుఁ బ్రసిద్ధోదాహరణము జాలంధరునకుఁ జెందిన గిన్నీ మాహీ. 2016 లో దేశమంతట వినఁబడిన యామె 'డేంజర్ చమార్' అను పంజాబీపాట, కళాశాలలో దోడివిద్యార్థిని కుల మడిగిన ప్రసంగమునుండి పుట్టినదని యామె చెప్పినది. చర్మకారశబ్దభవమైన యా కులనామమునకు యోగార్థము తోలుపని చేయువాఁడు. అందు నింద లేదు. లోకరూఢి మాత్రము తిట్టు. 1989 నాఁటి యత్యాచారనిరోధచట్టము క్రింద వచ్చిన యొక వ్యాజ్యమున 2008 లో సుప్రీంకోర్టు, ఆ పదముయొక్క వ్యుత్పత్త్యర్థమును గాక, వ్యవహారమున దానికిఁ గలిగిన యర్థమునే గ్రహింపవలెననియు, నవమానోద్దేశముతో నట్లు పిలుచుట నేర మనియు నిర్ణయించెను. రూఢి యోగమును బాధించునను న్యాయ మిచట ధర్మాసనమునకే యెక్కినది.

కోర్టు నేరమన్న పదమును గిన్నీ మాహీ గర్వముతోఁ బాడుట విరుద్ధము గాదు. ఒరులనోట నది నింద. తననోట నది సంజ్ఞ. తెలుఁగువారికి నిది క్రొత్త గాదు. 1994 లో మాదిగ రిజర్వేషన్ పోరాటసమితి పుట్టినప్పటినుండి, దండోరోద్యమమువారు తమ పేళ్ల చివరఁ గులనామమును ధరించిరి. పేరిచివరఁ గులనామము పై కులములవారికే శోభయని తలంచు సంఘమున, తిట్టుగా వినఁబడిన నామమే బిరుదముగాఁ బలుకవలసివచ్చెను. ఇచట నరఁటిబోదెతోఁ బనిలేదు. శత్రువుచేతి కత్తియే గుంజుకొనఁబడినది. కాని స్వీకారమునకును హద్దు గలదు. అది జన్మానుభవములచే వచ్చిన యధికారము. వినోదముకొఱకు నెరువు తీసికొనుటకు వీలులేదు. నిందితవర్గమువారందఱు దాని నంగీకరింతురనియుఁ జెప్పరాదు. 2007 లో నమెరికాయందలి నల్లవారి ప్రాచీనసంస్థయే డెట్రాయిటునందు నా నిందాపదమునకు శవపేటికతో నంత్యక్రియ జరిపెను.

ఇంతవఱకుఁ బరీక్షించినదానిఁబట్టి నిర్ణయము చేయవచ్చును. దుష్టపదము గల గేయమెల్ల దుష్టము గాదు. కవి సదాశయుఁడైనంతమాత్రమున గేయము నిర్దోషము గాదు. అనుకరణచిహ్నము గేయముననే యుండి, పదము గేయార్థమునకు హేతువై, దెబ్బ నిందకునిపైఁ బడునట్లుండినచో నా ప్రయోగము సాధువు; న్యూమన్ గేయ మట్టిది. చిహ్న ముండియుఁ బద మలంకారమాత్ర మైనచో దేశకాలముల ననుసరించి విడువఁదగును. నాఫ్లరు గేయ మట్టిది. చిహ్నము కవి వ్యాఖ్యానమున మాత్ర ముండి వాక్యమున లేనిచో సవరింపఁదగును. జాక్సన్ గేయ మట్టిది. స్వీకారమున నధికారియే పాడవలెను. ఇతరులు వినవచ్చును, గౌరవింపవచ్చును, వెంటఁ బాడరాదు.

ఈ విచారము బోధకులకుఁ గూడ నక్కఱకు వచ్చును. ఉపాధ్యాయునివద్ద గాయకునివద్ద లేని సాధన మొకటి కలదు, అదియే యితిశబ్దము. ఇట్టి మాట యుండెను, ఇట్టివారు పలికిరి, ఇట్టివారు నొచ్చిరి యని చెప్పుటకు నతని కవకాశము గలదు. దానిని వినియోగింపక పాఠ్యగ్రంథములనుండి నిందాపదముల నన్నింటిని గొట్టివేసినచో, నొక తరము తరువాత, నిందించినవారి నాలుక కడిగినట్లగును గాని నిందితునకు న్యాయము జరుగదు. వారేమి విని బ్రదికిరో యెవ్వరికిని దెలియదు. అట్లని ప్రకరణము చెప్పి తరగతిలో నా పదమును గొంతెత్తి పాడించినచో, నచటఁ గూర్చున్న యొక బాలుఁడు తోడివారి విద్యకొఱకుఁ దన యవమానమును మరల వినవలసివచ్చును. భాష్యకారుని దృష్టాంతమున బోదెను నఱుకువాఁడు ముందుగా స్నానము చేసి మాల ధరించెను. చూచువారికి నిది హత్య గాదని తెలియుటకే యా సన్నాహము. గేయకర్తలును, గాయకులును, బోధకులును నా సన్నాహమును మానరాదు. దీనిని విజ్ఞులు విచారింతురు గాక.